తల్లిగారింటి రూలు

ఇంజనీరింగ్ మూడో ఏడు అయిపోయిన సెలవుల్లో నేను ఒక నిండు గర్భిణిని జాబితాలోంచి తీసేశాను. కావాలని చేసింది కాదు. పైగా ఆ పని చేసినందుకు మా సార్ నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆయన మెచ్చుకోలు వాయిస్ మెసేజ్‌ని నేను నాలుగుసార్లు విన్నాను, ఒకసారి స్పీకర్లో పెట్టి పక్కవాళ్లకు వినిపించాను. ఆమె మాత్రం ఆ సమయానికి వాగు అవతల ఒక ఊళ్లో, ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం మాత్రమే ఉండి, మళ్లీ రాని జీపు కోసం ఎదురుచూస్తోంది.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే ముందు నేను ఈ చదువులోకి ఎలా వచ్చిపడ్డానో చెప్పాలి. కరీంనగర్‌లో మాది ఒక మామూలు ఇంజనీరింగ్ కాలేజీ. కంప్యూటర్ సైన్స్ నా అసలు చదువు. దానికి తోడు ఇంకో శాఖలో నాలుగైదు సబ్జెక్టులు చదివితే పట్టా మీద మైనర్ అని ఒక లైను అదనంగా పడుతుంది. ఆ లైను ఉంటే ఉద్యోగాలు వెతుక్కుంటూ వస్తాయని మా సీనియర్లు చెప్పారు. వాళ్లను వెతుక్కుంటూ అప్పటికి ఏదీ రాలేదు, అది వేరే సంగతి. అందరిలాగే నేనూ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అడిగాను. నా రూమ్మేట్ కొండగట్టు పోయి అంజన్నకు మొక్కుకుని వచ్చింది, ఆమెకు ఆ సీటు దొరికింది. ఆ ఆదివారం నేను ముసుగు తన్ని పడుకున్నాను, నాకు హెల్త్‌కేర్ ఇన్ఫర్మాటిక్స్ దొరికింది.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుగనుల కాలనీ. బాపు గనిలో పనిచేస్తాడు. ఫోన్ చేసి ఈ సంగతి చెబితే ఆయన నా కన్నా ఎక్కువ శ్రద్ధగా విన్నాడు.

"గదేం చదువు బిడ్డా?"

"దవాఖాన్ల రోగుల లెక్కలుంటయి గదా బాపూ, గవన్ని కంప్యూటర్ల వెట్టుడు. ఎవలకేం రోగమున్నది, ఏం మందులిచ్చిండ్రు, గది ఇంకో దవాఖాన డాక్టర్‌కు గూడ కనవడేటట్టు చేసుడు."

"అంటే డాక్టరే గని సూది వెయ్యవు."

"డాక్టర్‌ను కాదు బాపూ."

"సగం డాక్టర్ తియ్" అని తేల్చేసి ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు మొదటి షిఫ్టు అయిపోయే సరికి కాలనీ మొత్తానికి ఈ కబురు చేరిపోయింది. దసరాకు ఇంటికి పోయేసరికి మా క్వార్టర్ ముందు అరుగు మీద నలుగురు పాలిథిన్ సంచులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. సంచుల్లో స్కానింగులు, ఎక్స్‌రేలు, షుగర్ రిపోర్టులు. పక్క క్వార్టర్ పెద్దనాయన తన రిపోర్టు నా చేతిలో పెట్టి, తీర్పు కోసం నిలబడినట్టు నిలబడ్డాడు. అందులో ఉన్న అంకెలు నాకేమీ అర్థం కాలేదు. కానీ వయసు దగ్గర అరవైకి బదులు ఆరు అని ఉంది. అదొక్కటి నేను చదివిన చదువు కిందికి వస్తుంది కాబట్టి గట్టిగా చెప్పాను.

"పెద్దనాయనా, గీ రిపోర్టుల నీకు ఆరేండ్లే."

"చూసినవా!" అన్నాడాయన మా బాపుతో. "ఇన్నేండ్ల సంది తిరుగుతున్న, ఒక్క డాక్టర్ గూడ గిది పట్టలే."

అవ్వ అందరికీ చాయ్ ఇచ్చి, "మా డాక్టరమ్మకు తలనొప్పి గోలీ పేరు గూడ ఎరుకలే, జర పైలం" అని నవ్వింది. ఎవరూ వినలేదు. ఇంకో ఇద్దరు సంచులతో వస్తున్నారు.

కాలేజీలో మాకు ఈ మైనర్ చెప్పే సార్ మంచివాడు. ఆయనకున్న ఒకే ఒక్క ఇబ్బంది, దవాఖాన అంటే భయం. కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టిన రోజు బ్యానర్ కట్టడానికి వచ్చి, సూదిని చూసి కళ్లు తిరిగి పడిపోయారు. దవాఖానలకు సంబంధించిన సమస్తం ఆయన స్లైడ్ల మీద మాత్రం ఎంతో ధైర్యంగా బోధించేవారు. అన్నిటికంటే ఆయనకు కోపం డూప్లికేట్ల మీద. ఒకే రోగి పేరు రెండు చోట్ల పడితే రెండు రకాల మందులు, రెండు రకాల లెక్కలు, అంతా గందరగోళం. "డేటాను కడగాలమ్మా, బట్టలు ఉతికినట్టు ఉతకాలి" అనేవారు. ఉతికేటప్పుడు జేబుల్లో ఏమైనా ఉన్నాయేమో చూడాలని మాత్రం ఏ స్లైడులోనూ లేదు.

మూడో ఏడు చివర్లో ఒక నెల ప్రాజెక్టు. తెలివైనవాళ్లు ముందే పేర్లిచ్చి కరీంనగర్‌లో ఏసీ ఉన్న ఆసుపత్రులు పంచుకున్నారు. నేను పేరు ఇచ్చేసరికి జాబితాలో ఒక్కటే మిగిలింది. ఉట్నూర్ అవతల అడవిలో ఒక చిన్న సర్కారు దవాఖాన. లక్సెట్టిపేట దాటి జన్నారం అడవిలోకి బస్సు ఎక్కుతుంటే ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే దిగిపోయాయి. చివరి గీత పోకముందే అవ్వ ఫోన్ చేసి, అక్కడ ఎవరికీ మందులు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది.

అక్కడ నాకు అప్పజెప్పిన పని ఇది. ఆ దవాఖాన కింద ఉన్న ఊళ్లలో కొన్ని వాగుల అవతల ఉన్నాయి. వానలు ముదిరితే వాగులు పొంగుతాయి, అవతలికి జీపు పోదు, మనిషి కూడా పోలేడు. అందుకని నెలలు నిండబోతున్న ఆడవాళ్లను, ముఖ్యంగా రక్తం తక్కువున్నవాళ్లను, వానలకు ముందే తెచ్చి దవాఖాన పక్కనున్న గదిలో కాన్పు దాకా ఉంచుతారు. గదిలో ఉన్నవి ఎనిమిది మంచాలు. ఎవరిని ముందు తేవాలో చెప్పే జాబితా ప్రతి ఏడూ ఐదు రిజిస్టర్లు ముందేసుకుని చేతితో రాసేవారు. ఈసారి ఆ ఐదింటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒకే మనిషి రెండు చోట్ల ఉంటే ఒకటి తీసేసి, రక్తం తక్కువ ఉన్నవాళ్లు పైన వచ్చేలా వరుస పెట్టి ఇవ్వాలి. ఆ వరుసలో పేరు లేకపోతే ఆమె కోసం జీపు పోదు. ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు, ఆ గదిలో ఎనిమిది మంచాలు నా కళ్ల ముందే ఉన్నాయి.

ఆ రిజిస్టర్లలో ఒకటి ఏఎన్‌ఎం అక్కది. ఊరూరా తిరిగి గర్భిణులను పరీక్షించి, పిల్లలకు టీకాలు వేసే నర్సు ఆమె. యాభై దాటాయి. తడవకుండా రిజిస్టరుకు యూరియా సంచి ముక్కతో అట్ట వేసుకుంది. ఊళ్లలో అందరూ ఆమెను సిస్టర్ అంటారు, నేను అక్క అన్నాను, ఆమె నన్ను మొదటి రోజు నుంచే ఇంజనీరమ్మ అంది. నేను ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టడానికి గోడలో రంధ్రం వెతుకుతుంటే, "టీకాల ఫ్రిజ్జు ప్లగ్గు తియ్యకు తల్లీ, పిల్లలందరికి మల్ల పుట్టుకొస్తయి రోగాలు" అని భయపెట్టింది.

ఆమె రిజిస్టర్లో అచ్చు వేసిన గడుల్లో రాసినదాని కన్నా పక్కన ఖాళీల్లో రాసిందే ఎక్కువ. బోరింగు కాడి ఇల్లు. అత్త మంచిది, మొగడు తాగుతడు. గోలీలు మింగుతున్న అంటది, చూరుల దాస్తది. పొడుగు మనిషి, చెంపల మీద పచ్చబొట్టు. ఇలాంటివి.

"గివి ఏ కాలమ్ల ఎక్కియ్యాలక్కా?" అని అడిగాను.

"గవెందుకు ఎక్కిస్తవ్? గవి నాకోసం" అంది.

నాకూ హాయిగా అనిపించింది. చెంప మీది పచ్చబొట్టు ఏ గడిలో పడుతుందో మా సార్ స్లైడ్లలో లేదు. ఖాళీల్లో ఉన్నవన్నీ వదిలేసి, పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఒంట్లో రక్తం ఎంతుందో చెప్పే అంకె (పన్నెండు ఉంటే మంచిది), కాన్పు ఎప్పుడు అన్నవి మాత్రం ఎక్కించాను. ఎక్కిస్తుంటే ఒక వింత కనబడింది. దాదాపు అందరూ జనవరి ఒకటినే పుట్టారు. కార్డులు తీసినప్పుడు పుట్టిన రోజు తెలియనివాళ్లకు ఏడాది అంచనా వేసి జనవరి ఒకటి అని రాయడం మా కాలనీలోనూ ఉన్నదే, కానీ ఇంతమంది ఒక్కచోట చూడటం అదే మొదలు.

"మా దిక్కు గంతే పిల్లా" అంది అక్క. "కొత్త సంవత్సరం నాడు ఒక్క కేకు కోస్తే ఏజెన్సీ అంతా బర్త్‌డే అయిపోతది."

పేర్లూ అంతే. నానమ్మ పేరు మనవరాలికి, తాత పేరు మనవడికి పెట్టుకుంటారు, అందుకే పది ఊళ్లలో అవే పేర్లు తిరుగుతాయి. ఇదంతా నవ్వుకుంటూ ఎక్కించాను. ఇదే తర్వాత నా మెడకు చుట్టుకుంటుందని తెలియదు.

డూప్లికేట్లు పట్టడానికి సార్ ఇచ్చిన ప్రోగ్రాం ఒకటుంది. పేరు, భర్త పేరు, పుట్టిన తేదీ, ఊరు నాలుగూ కలిస్తే ఒకే మనిషి అని లెక్క. నడిపితే ఒక్క జత కూడా దొరకలేదు. ఒక్కటి కూడా లేకపోవడం ఏమిటని ఒక పూటంతా తల పట్టుకున్నాను. అప్పుడు నాకు తట్టింది. ఈ ప్రోగ్రాం రాసినవాడికి మన సంగతి తెలియదు! మన దగ్గర తొలి కాన్పుకు ఆడపిల్ల తల్లిగారింటికి పోతుంది. మూడో నెలలో అత్తగారి ఊళ్లో పేరు రాయించుకున్న మనిషి ఏడో నెలలో తల్లిగారి ఊళ్లో మళ్లీ రాయించుకుంటుంది. ఊరు మారుతుంది, మనిషి మారదు. మా అవ్వ నన్ను కనడానికి పెద్దపల్లి పక్కన తల్లిగారింటికే పోయింది. మా చిన్నమ్మలూ అంతే.

వెంటనే ప్రోగ్రాంలోంచి ఊరు షరతు తీసేశాను. మిగతా మూడూ కలిసి ఊళ్లు వేరైతే, తల్లిగారింటికి పోయిందని లెక్క. చివర రాసిన వివరాలు ఉంచి, ముందు రాసినవి తీసెయ్యాలి. దానికి తల్లిగారింటి రూలు అని పేరు కూడా పెట్టుకున్నాను. మళ్లీ నడిపితే పదకొండు జతలు బయటపడ్డాయి. ఆ క్షణంలో నన్ను చూసినవాళ్లు ఏదో మందు కనిపెట్టాననుకునేవారు.

అక్కకు పరుగెత్తి చూపించాను. ఆమె టీకాల పెట్టె భుజాన వేసుకుని బయల్దేరబోతోంది. నిలబడే మొదటి మూడు జతలు విన్నది.

"అవ్, గామె గీమె ఒక్కతే. పోయిన నెలనే తల్లిగారింటికొచ్చింది. గిదీ నిజమే. గిది గూడ." ఆమె మొహంలో మెచ్చుకోలు కనబడింది. "మంచిగనే వట్టినవ్ గదనే! మిగిలినయి గూడ చదువు."

"అన్ని గట్లనే ఉన్నయక్కా" అన్నాను.

మిగిలిన ఎనిమిదింటిని నేను చూడలేదు. ఆకలిగా ఉంది, ఆమెకు ఆటో తప్పిపోతుంది, పైగా మూడు సరిపోయాక మిగిలినవి ఎందుకు సరిపోవు? ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. అక్క నమ్మింది. అలా చదివి వినిపించకుండా నమ్మించడం నేను చేసిన అసలు తప్పు, ప్రోగ్రాం మీదికి నెట్టలేను.

జాబితా డాక్టర్ గారికి ఇచ్చాను. ఆయన దాన్ని గోడకు అంటించారు. సోమవారం జీపు పోయి ఎనిమిది మందిని తెచ్చింది. ఒక్క మంచం కూడా ఖాళీ లేదు. ఫోటో తీసి, సిగ్నల్ దొరికే మిట్ట ఎక్కి సార్‌కు పంపాను. "స్థానిక పరిజ్ఞానాన్ని సాంకేతికతతో జోడించావమ్మా" అని ఆయన పంపిన మెసేజే నేను నాలుగుసార్లు విన్నది.

బుధవారం నుంచి వాన పట్టుకుంది. అక్క మూడు రోజులు టీకాల మీద వేరే ఊళ్లు తిరిగి, గురువారం పొద్దున గొడుగు దులుపుకుంటూ వచ్చింది. గోడ మీది జాబితా వంక కూడా చూడలేదు. నేరుగా గదిలోకి పోయి, ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, ఒక్కొక్కరి మొహం చూసి, రెప్ప కిందికి లాగి చూసి, చివరి మంచం దగ్గర నిలబడిపోయింది.

"గామేది?"

"ఎవలక్కా?"

"వాగవతలామె. పొడుగ్గుంటది, చెంపల మీద పచ్చబొట్టు. రక్తం ఆరే ఉండె. సోమవారం జీపొస్తది, తయారుండుమని నేనే చెప్పొచ్చిన."

పేరు చెప్పింది. నేను ధీమాగా ల్యాప్‌టాప్ తెరిచాను. "ఉన్నదక్కా, కింద ఉన్నది. రక్తం పదకొండున్నది, ఫికర్ చేసేదేం లే."

"పదకొండెట్లయితది? పది దినాల కింద నేనే సూది గుచ్చి చూసిన. ఊరేమున్నది చదువు."

చదివాను. అది రోడ్డు పక్కనున్న ఊరు.

"గామె వేరేనే" అంది అక్క. "గామె మొగడు వేరే, గీమె మొగడు వేరే. పేర్లే ఒక్కటి."

పేరు ఒకటే, భర్తల పేర్లు ఒకటే, ఇద్దరూ ఒకే ఏడు జనవరి ఒకటిన పుట్టారు. పదకొండు జతల్లో అది తొమ్మిదోది. రోడ్డు పక్క ఊరామె వివరాలు తర్వాత రాశారు కాబట్టి నా రూలు ఆమెను ఉంచి, వాగు అవతలామెను తీసేసింది. "తల్లిగారింటికి పోయిందనుకున్న..." అని ఏదో గొణిగాను.

"గామెకిది మూడో కాన్పు. మూడో కాన్పుకు ఎవలన్న పోతరా? గీ ఊర్లల్ల తొలి కాన్పుకు గూడ అందరు పోరు. మీ దిక్కు పోతరేమో."

ఇంజనీరమ్మ అనలేదు, వెక్కిరించలేదు. పెట్టెలో ఏవో మందులు సర్దుకోవడం మొదలుపెట్టింది. పది రోజులుగా నన్ను ఆటపట్టించని గంట లేదు, అలాంటి మనిషి మాట్లాడకపోయేసరికి నేను ల్యాప్‌టాప్ మూసేశాను. నేనూ వస్తానన్నాను. జీపులో వెనక ఎక్కి కూర్చున్నాను.

వాగు దగ్గర డ్రైవరు జీపు ఆపేశాడు. నీళ్లు ఎర్రగా పారుతున్నాయి, ఇంకా మోకాలి లోతే. "జల్ది రండ్రి, పైన వడుతున్నది, గంటల నిండుతది" అన్నాడు. అక్క చీర ఎగగట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని దిగింది. నేను ఆమె మోచేయి పట్టుకుని దిగాను. కాలి కింద ఇసుక జారిపోతుంటే నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, ఏఐ సీటుకు మొక్కని దానిని.

ఊరు అక్కడి నుంచి అర్ధగంట నడక. ఆమె ఇంటి ముందు వసారాలో కూర్చుని ఉంది. పక్కనే ఒక సంచి, అందులో పాత చీర ముక్కలు, ఒక దుప్పటి, ఒక గిన్నె, సబ్బు. సోమవారం నాడు సర్దుకున్న సంచి అది. విప్పలేదు.

అక్క గోండి భాషలో ఏదో అడిగింది. గర్భిణి నన్ను చూసి తెలుగులో జవాబిచ్చింది. "జీపొచ్చింది సిస్టర్. నేను సంచి వట్టుకొని పోయిన. కాయితంల నీ పేరు లేదన్నడు. మా వాడకట్టామెను ఎక్కిచ్చుకొని పోయిండు. నేను మల్ల ఇంటికొచ్చిన." పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆ నాలుగు మాటలకే ఆయాసపడింది. "నువ్వే వస్తవని కూసున్న."

ఆమె అత్త అప్పటికే నలుగురు మగవాళ్లను కేకేసింది. మంచానికి రెండు వాసాలు కట్టి ఆమెను పడుకోబెట్టి భుజాలకెత్తారు. ఆమె భర్త ముందు వాసం పట్టాడు. సంచి నేను తీసుకున్నాను, అంతకు మించి నాకు చేతనైన పని అక్కడ ఏదీ లేదు. మేం తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాలు దాటి నడుము దాకా వచ్చాయి. మంచం భుజాల మీంచి తలల మీదికి లేచింది. ఒకడు తూలితే మంచం ఒక పక్కకు ఒరిగింది, అందరం ఒక్కసారే అరిచాం, ఆమె మాత్రం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. అవతలి గట్టు ఎక్కాక అక్క మొదట చేసిన పని, ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూడటం.

జీపులో ఆమె తల అక్క ఒళ్లో ఉంది. నేను ఎదురుగా సంచి పట్టుకుని కూర్చున్నాను. కొంత దూరం పోయాక అడిగింది.

"నా పేరు ఎవలు తీసిండ్రు సిస్టర్?"

కంప్యూటర్ తప్పు అని అక్క ఒక్క మాట అంటే అయిపోయేది. దవాఖానలో అందరూ ఆ మాటే అనడానికి సిద్ధంగా ఉన్నారు. అక్క బయట వానను చూసింది.

"నేనే తీసిన" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. అర్థం కాక అడిగింది, అంతే. "నేను నీకేం చేసిన?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడం ఇంకా సిగ్గుచేటని తెలిసినా ఆగలేదు. ఆమె ఏమీ చెయ్యలేదు. నేను ఆమెను ఒక్కసారైనా చూడకుండా తీసేశాను, అంతే.

"ఏడ్సుడు బంజేసి గా సంచిలున్న చిట్టీల ఆమె రక్తం గ్రూపేందో చూడు" అంది అక్క. "ఉట్నూర్‌కు ఫోన్ కొట్టాలె."

ఆ పూటే ఆమెను అటునుంచి అటే ఉట్నూర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఆదిలాబాద్ నుంచి రక్తం తెప్పించి రెండు సీసాలు ఎక్కించారు. ఆదివారం మధ్యాహ్నం కాన్పయింది. ఆడపిల్ల. చాలా రక్తం పోయిందని, ఇంటి దగ్గరైతే దక్కేది కాదని డాక్టరమ్మ అక్కతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. అక్క తలూపి, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "మెల్లగ పట్టు ఇంజనీరమ్మా, గిది ల్యాప్‌టాప్ కాదు, మూత వెయ్యకు." మళ్లీ ఆ పేరుతో పిలిచినందుకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. తల్లి మంచం మీంచి మమ్మల్ని చూస్తోంది. బిడ్డ తల ఎలా పట్టుకోవాలో నాకు తెలియలేదు, ఆమే చేయి చాపి సరిచేసింది.

మిగిలిన పదిహేను రోజులూ అక్క రిజిస్టర్లో ఖాళీల్లో రాసినవన్నీ ఎక్కించాను. బోరింగు, పచ్చబొట్టు, చూరులో దాచిన గోలీలు, తాగే మొగుళ్లు, అన్నీ. ఇద్దరు ఒక్కరేనని ప్రోగ్రాం అనుకుంటే తీసెయ్యకుండా ఆ జత సిస్టర్‌కు చూపించి అడగాలని కొత్త రూలు రాశాను. ఇది మరీ పాతకాలం పద్ధతి కదా అని సార్ ఫోన్లో నొచ్చుకున్నారు. మొగుడు తాగుతాడన్న వివరానికి డేటా టైప్ ఏమిటని అడిగారు. నాకూ తెలియదన్నాను.

జూలైలో కరీంనగర్‌లో వైవా. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా రిపోర్టు పేజీలు వేగంగా తిప్పి, తప్పుల పట్టిక దగ్గర ఆగారు. మా సార్ ఆయన పక్కన కూర్చుని నాకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వుతున్నారు.

"పదకొండు జతలు కలిపావు. పది కరెక్టు. తప్పు ఒక్కటేనా?"

"ఒక్కటే సార్."

"చాలా బాగుంది. మరి ఈ ఒక్కదాని కోసం రెండు పేజీలు ఎందుకమ్మా? రిపోర్టంతా నీట్‌గా ఉంది, ఇదొక్కటే అడ్డంగా ఉంది. దీన్ని తీసేసి మళ్లీ ప్రింట్ తీసుకురా, ఫుల్ మార్కులు వేస్తాను."

సార్ తల ఊపుతున్నారు, సరే అనమని కళ్లతో చెబుతున్నారు. కాలేజీలో ఎప్పుడూ పుస్తకాల భాషలో మాట్లాడటానికి తంటాలు పడే నేను ఆ రోజు ఆ సంగతే మరిచిపోయాను.

"ఒక్కసారి తీసేసిన సార్" అన్నాను. "మల్ల తియ్య."